ఫైనల్ ఆడి రా

మా స్కూల్లో కొత్తగా చేరిన పీఈటీ టీచరుకి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. పోయిన ఏడాది దసరా సెలవులు అయిపోయాక ఒకరోజు స్టాఫ్ రూములోకి వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేడమ్, మీరు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లటగా? స్టేట్ టీముకి కూడా ఆడారంట."

"ఎవరు చెప్పారు?" అన్నాను, పేపర్లు దిద్దుతున్న చెయ్యి ఆపకుండానే.

"మా కోచ్ సారండీ. వెనక ఎడమవైపు మీరు నిలబడితే బంతి కింద పడేది కాదన్నారు."

నా పక్కన కూర్చున్న తెలుగు టీచరు తల వంచేసుకుంది. ఆవిడకి తెలుసు. మా స్కూల్లో పాతవాళ్లందరికీ తెలుసు. తెలియనిది ఆ అమ్మాయికి ఒక్కదానికే.

"మానేసి పద్నాలుగేళ్లయిందమ్మా" అన్నాను. "ఇప్పుడు మెట్లెక్కడానికే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు."

"జిల్లాలో లేడీ టీచర్లకి పోటీలు పెడుతున్నారు మేడమ్. మేం నలుగురమే ఉన్నాం. ఐదో మనిషి లేకపోతే మా పేర్లు కూడా రాసుకోరు. ఊరికే నిలబడండి, చాలు."

నేను కుదరదన్నాను. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను దిద్దిన పేపర్లలో మార్కుల కూడిక రెండుచోట్ల తప్పింది.

బాల్ బ్యాడ్మింటన్ అంటే ఇప్పటి పిల్లలు షటిల్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇందులో పసుపుపచ్చ ఉన్ని బంతి ఉంటుంది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బంతి నేలని తాకకుండా ఒకే దెబ్బకి అవతలికి పంపాలి. ఆరుబయట మట్టి కోర్టులో ఆడతాం కాబట్టి గాలి ఎటు వీస్తే బంతి అటు జరుగుతుంది. ఆ గాలిని కనిపెట్టడమే సగం ఆట. మాది సింగరాయకొండ దగ్గర పొగాకు పండించే ఊరు. మా నాన్న పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం చూరుకి ఒక పాత బంతిని పురికొసతో వేలాడగట్టి, "ఇది నూరుసార్లు కొట్టాకే అన్నం" అనేవాడు. ఆయనకి ఆట గురించి ఏమీ తెలియదు. కూతురు పేపర్లో పడిందని మాత్రం తెలుసు. ఆ పేపరు ముక్క చొక్కా జేబులో పెట్టుకుని వేలం కేంద్రంలో అందరికీ చూపించుకున్నాడు.

నా పెళ్లి కూడా ఆటే చేసింది. మా ఆయన సత్తెనపల్లి దగ్గర మిరప రైతుల ఇంటి మనిషి. లెక్కల మాస్టారు. టీచర్ల ఆటల పోటీల్లో మొదటిసారి చూశాను. అంపైరుతో గొడవపడి, తనదే తప్పని తేలాక మళ్లీ వెళ్లి ఆయనకి నమస్కారం పెట్టి వచ్చాడు. అది నాకు నచ్చింది. పెళ్లయ్యాక సత్తెనపల్లిలోనే కాపురం పెట్టాం. సాయంత్రాలు ఇద్దరం కోర్టుకి వెళ్లేవాళ్లం. పాప పుట్టాక ఒకరి తర్వాత ఒకరం వెళ్లేవాళ్లం.

పాపకి ఆట అంటే పడేది కాదు. అమ్మని ఎత్తుకుపోయే పని అది, ఎందుకు పడుతుంది? కానీ చిరిగిపోయిన బంతులంటే ఇష్టం. వాటి ఉన్ని విప్పి బొమ్మకి జడ అల్లేది. ఇంట్లో ఏ మూల ఊడ్చినా పచ్చటి పోగులు చీపురికి చుట్టుకునేవి.

దానికి ఏడేళ్లప్పుడు ఒంగోలులో రాష్ట్రస్థాయి పోటీలు పడ్డాయి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా. బుధవారం సాయంత్రం పాపకి జ్వరం వచ్చింది. వానాకాలం, వీధిలో సగం ఇళ్లలో జ్వరాలే. డాక్టరు గారికి చూపించాం. మందులు రాసి, తగ్గకపోతే మళ్లీ తీసుకురమ్మన్నారు. గురువారం రాత్రి నేను బ్యాగు సర్దలేదు. ఆయనే సర్దాడు.

"నేను లేనా ఏంటి?" అన్నాడు. "ముప్పై నాలుగొచ్చాయి నీకు. వచ్చే ఏడాదికి కుర్రపిల్లలు వచ్చేస్తారు. వెళ్లు."

వెళ్లాను. పొద్దున్న బయలుదేరేటప్పుడు పాప నిద్రపోతోంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను, కాలుతోంది. లేపితే ఏడుస్తుందని లేపలేదు.

శుక్రవారం ఫోన్ చేస్తే జ్వరం అలాగే ఉందన్నాడు. శనివారం కూడా అదే మాట. సెమీ ఫైనల్ గెలిచాక, వచ్చెయ్యనా అని అడిగాను. రేపు పొద్దున్న చూసి చెప్తానన్నాడు. ఆదివారం పొద్దున్న కోర్టు పక్కన బూట్ల లేసులు కట్టుకుంటుంటే ఆయనే చేశాడు.

"జ్వరం తగ్గింది. ఒళ్లు చల్లగా ఉంది."

"ఏం చేస్తోంది?"

"పడుకుంది."

"లేపకండి."

"లేపనులే. నువ్వు ఫైనల్ ఆడి రా."

ఆ మాట విన్నాక నా గుండెల మీద నుంచి బండ తీసినట్టయింది. అంత తేలిగ్గా నేను ఎప్పుడూ ఆడలేదు. మూడో గేము దాకా వెళ్లింది. చివరి పాయింటుకి బంతి నా వెనక్కి, గాలికి ఇంకా వెనక్కి పోతుంటే వెనక్కే పరుగెత్తి కొట్టాను. అది నెట్టు అంచుకి తగిలి అవతల పడింది. అందరూ నా మీద పడిపోయారు. ఎవరో నన్ను పైకి ఎత్తారు. నేను అరుస్తున్నాను, నవ్వుతున్నాను. అప్పుడు బ్యాగులో నా ఫోను మోగుతూనే ఉంది.

తీసి చూసేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను. పాపకి కడుపునొప్పి వచ్చిందట, వాంతులయ్యాయట, కాళ్లు చేతులు మంచుముక్కల్లా అయిపోయాయట. పక్కింటివాళ్ల కారులో గుంటూరు తీసుకెళ్తున్నారు. నేను ఆడిన బట్టలతోనే బస్సెక్కాను. ఎవరో కప్పు నా ఒళ్లో పెట్టేశారు, తిరిగి ఇచ్చే తెలివి నాకు లేదు. చిలకలూరిపేట దాకా ఆ ఇత్తడి కప్పు పట్టుకుని కూర్చున్నాను. పక్కసీటు ముసలావిడ, "గెలిచారా అమ్మా?" అని అడిగింది. గెలిచామన్నాను.

నేను వెళ్లేసరికి పాపకి తెలివి లేదు. డాక్టరు చెప్పింది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "డెంగ్యూలో జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం అమ్మా. తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు." ఆయన మంచి మనిషి. చేయగలిగింది చేశారు. సోమవారం పదకొండు దాటాక బయటికి వచ్చి మా ఇద్దరి ముందు నిలబడ్డారు. కళ్లజోడు తీసేసి తల అడ్డంగా ఊపారు.

దినాలు కాకముందే మా ఆయన పెద్దత్త, నిండింటి జనంలో, ఎవరితోనో అన్నట్టుగా అంది: "కన్నతల్లి బంతి వెనక పోయె. ఇంక పిల్లనెవరు కాస్తారు?" ఆయన అక్కడే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె మాట కన్నా ఆయన ఏమంటాడా అనే నేను చూశాను. ఆయన ఏమీ అనలేదు. అటు తిరిగి బయటికి వెళ్లిపోయాడు. ఆయన మనసులోనూ అదే ఉందని నేను ఆరోజే తేల్చుకున్నాను. పద్నాలుగేళ్లు ఆ తీర్పు మీదే బతికాను.

రాకెట్లు స్కూలుకి ఇచ్చేశాను. కప్పు ఎక్కడికి పోయిందో తెలియదు, అడగలేదు. సాయంత్రంపూట ఏ గ్రౌండు పక్కనుంచి బస్సు పోతున్నా అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆయన కూడా మానేశాడు. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఇద్దరం ఉద్యోగాలు చేసుకున్నాం, డాబా మీద గది వేసుకున్నాం, ఇద్దరి వైపు పెద్దవాళ్లనీ సాగనంపాం. పాలవాడు వచ్చాడా, గ్యాస్ బుక్ చేశావా, పేపర్లు ఎన్ని కట్టలు తెచ్చావు. ఇవే మాటలు. ఆయన నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఇంకా భయంగా ఉండేది. ఒక్కసారి తిట్టేస్తే బాగుండు అనుకున్న రోజులు ఎన్నో.

పీఈటీ అమ్మాయి అడిగిన సంగతి ఆ సాయంత్రం అన్నంలో పప్పు వడ్డిస్తూ ఊరికే చెప్పాను. చెప్పి, "కుదరదన్నాలే" అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "ఎందుకు కుదరదు? వెళ్లు" అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. సరిగ్గా అదే మాట, పద్నాలుగేళ్ల కింద అన్నది. ఆయనకి గుర్తుందో లేదో అని మొహంలోకి చూశాను. ఆయన కంచంలోకే చూస్తున్నాడు.

మూడు నెలలు నాన్చాను. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు స్కూలు వదిలేశాక, చుడీదారు వేసుకుని గ్రౌండులోకి వెళ్లాను. ప్రహరీ అవతల కల్లాల్లో మిరపకాయలు ఎండబోశారు. గాలి అటునుంచి వీచినప్పుడల్లా ఘాటుకి అందరం తుమ్ముతున్నాం. ఆ అమ్మాయి ఏమీ అడగకుండా రాకెట్ నా చేతికిచ్చింది. ఇప్పటి రాకెట్లు తేలిక. మా కాలం చెక్క రాకెట్ బరువు అలవాటైన చెయ్యి నాది. మొదటి బంతి కొడితే రాకెట్ ముందే తిరిగిపోయింది. రెండోది అంచుకి తగిలి పక్కకి పోయింది. మూడోది కళ్లజోడులో రెండుగా కనిపించింది. నేను మధ్యలో గాలిని కొట్టాను. కుర్ర టీచర్లు నవ్వాపుకున్నారు.

తర్వాత ఎప్పుడో, ఎన్నో బంతికో తెలియదు, చెయ్యి తనంతట తనే బంతిని కోసినట్టు కిందకి కొట్టింది. బంతి నెట్టు మీదుగా దొర్లి అవతల చచ్చిపోయినట్టు పడింది. "అబ్బ! మేడమ్!" అని అరిచింది ఆ అమ్మాయి. ఇంకొకటి వచ్చింది, అదీ పంపాను. వెనక్కి జరిగాను, ముందుకి వచ్చాను, గాలి ఎటు ఉందో ఒంటికే తెలిసిపోతోంది. చెమట కళ్లలోకి కారుతోంది. చీకటి పడబోతుంటే ఎవరో "చాలు" అన్నారు. నేను నవ్వుతూ, "ఇంకొక్క బంతి" అన్నాను.

ఆ నవ్వు నాకు వినపడింది. వినపడగానే తెలిసింది, అరగంట నుంచి పాప నాకు గుర్తు లేదు. పద్నాలుగేళ్లలో మెలకువగా ఉన్న ఏ అరగంటా అలా గడవలేదు. రాకెట్ కింద పెట్టేసి కుళాయి దగ్గరికి వెళ్లి, మొహం కడుక్కుంటున్నట్టుగా నీళ్లు వదిలి ఏడ్చాను. సిగ్గేసింది. బిడ్డని మరిచిపోయి ఆడుకున్నాను, మళ్లీ.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. పీఈటీ అమ్మాయి. తెలుగు టీచరు చెప్పినట్టుంది.

"సారీ మేడమ్. నాకు నిజంగా తెలియదండీ. తెలిస్తే అడిగేదాన్ని కాదు."

దాని కళ్లలో నీళ్లు. నా పాప ఉంటే దీనికన్నా ఐదారేళ్లు చిన్నది.

"నువ్వు చేసిన తప్పేం లేదమ్మా" అన్నాను. "రేపు ఎన్నింటికి?"

ఎందుకలా అడిగానో నాకే తెలియదు. ఒళ్లు అడిగింది, నేను కాదు.

పోటీలు నరసరావుపేటలో, ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఆయన కూడా వస్తానన్నాడు. నేను వద్దనలేదు. స్కూటరు మీద వెళ్లాం. దారంతా మిరపకాయ బస్తాల లారీలు. ఆయన కోర్టుకి దూరంగా, వేపచెట్టు నీడలో ఒక్కడే కూర్చున్నాడు. మొదటి మ్యాచ్ గెలిచాం. సెమీస్‌లో ఓడిపోయాం, నా వల్లే. ముప్పై ఐదు పాయింట్ల గేము ముప్పై దాకా తెచ్చి, వెనక్కి వెళ్లాల్సిన మూడు బంతులకి వెళ్లలేకపోయాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. కుర్ర టీచర్లు ఏమీ అనుకోలేదు, "మీరు లేకపోతే ఇక్కడి దాకా కూడా వచ్చేవాళ్లం కాదండీ" అన్నారు.

నేను వెళ్లి చెట్టుకింద ఆయన పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాను. ఆయన మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

"ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"ఏంటి?"

"ఆరోజు పాప పడుకోలేదు."

నాకు అర్థం కాలేదు. ఏ రోజు అని అడగబోయి ఆగిపోయాను.

"నేను ఫోన్ చేసినప్పుడు మెలకువగానే ఉంది. నా పక్కనే కూర్చుంది. అమ్మకి ఫోనివ్వు నాన్నా, అమ్మని రమ్మను అంటోంది. ముందురోజు సాయంత్రం కూడా అడిగింది. నీకివ్వలేదు నేను. దాని గొంతు వింటే నువ్వు ఫైనల్ వదిలేసి వచ్చేస్తావని నాకు తెలుసు. జ్వరం తగ్గింది కదా, ఒక్క పూట కదా అనుకున్నా. సాయంత్రానికి కప్పుతో వస్తావు, దాన్ని ఎత్తుకుంటావు, అదే సరిపోతుందిలే అనుకున్నా."

నేను రెండో బూటు లేసు విప్పబోయి వదిలేశాను.

"అత్త ఆ మాట అన్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ తర్వాత ఏ రోజు చెప్దామన్నా ముందురోజు చెప్పలేదే అనిపించేది. తప్పు నీదనుకుని నువ్వు ఆట మానేశావు. నీ కళ్ల ముందే తిరుగుతూ చూస్తూ ఊరుకున్నా."

ఒక బూటు విప్పి, ఒకటి విప్పకుండా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కోర్టులో ఫైనల్ మొదలైంది, ఎవరో అరుస్తున్నారు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. విప్పిన బూటు మళ్లీ తొడుక్కుని, బ్యాగు తీసుకుని, బస్టాండుకి నడిచి వెళ్లిపోయాను. ఆయన పిలవలేదు.

మూడు వారాలు మా ఇంట్లో మాటల్లేవు. వండేదాన్ని, బల్ల మీద పెట్టేదాన్ని. ఆయన తిని కంచం కడిగి బోర్లించేవాడు. ఒంటరిగా ఉన్నప్పుడు లెక్కలు వేసుకునేదాన్ని: ఆదివారం పొద్దున్న ఏడున్నరకి ఫోను. అప్పుడే బయలుదేరితే మధ్యాహ్నంలోపు ఇంట్లో ఉండేదాన్ని. పాపకి తెలివి ఉండేది. నన్ను చూసేది. బతికేదని కాదు, చూసేది. ఆ చూపు ఆయన నాకు లేకుండా చేశాడు. ఇంకోవైపు, ఆ మనిషి పద్నాలుగేళ్లు ఆ గొంతుని ఒక్కడే మోశాడు. అమ్మకి ఫోనివ్వు నాన్నా. నేను కనీసం ఆ మాట వినలేదు. ఆయన విన్నాడు.

నాలుగో ఆదివారం కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఇంకేమంది?" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది.

"మొదట్నుంచి చెప్పనా?"

"మొదట్నుంచీ చెప్పండి. నేను వెళ్లిన దగ్గర్నుంచి. ఏదీ వదలకుండా."

చెప్పాడు. లెక్క చేసినట్టు వరసగా, మెట్టు దాటకుండా చెప్పాడు. శుక్రవారం లేచి నేను లేనని తెలిసి గోడ వైపు తిరిగి పడుకుందట. పాలు వద్దంటే హార్లిక్స్ కలిపితే సగం తాగిందట. మందు చేదని ఉమ్మేస్తే పంచదారలో నూరి పెట్టాడట. శనివారం మధ్యాహ్నం ఏనుగు బొమ్మ గీయమందట. ఆయనకి బొమ్మలు రావు. వృత్తలేఖిని తెచ్చి గుండ్రంగా పొట్ట గీసి, స్కేలుతో కాళ్లు గీస్తే, "ఇది గేదె నాన్నా" అని నవ్విందట.

"నవ్విందా?"

"నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది."

నేను బల్ల మీద తల పెట్టేసుకున్నాను. ఆ నవ్వు గురించి నాకు ఇన్నేళ్లూ తెలియదు. నా లెక్కలో ఆ మూడు రోజులూ పాప ఏడుస్తూనే ఉంది. ఆయన ఆగిపోయాడు. "చెప్పండి" అన్నాను. ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అదీ చెప్పాడు. కారులో తన ఒళ్లో తల పెట్టుకుని "చలేస్తోంది" అందట. అదే ఆఖరి మాట. చెప్పడం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. కాఫీ గ్లాసులు తాగకుండానే చల్లారిపోయాయి. లేచి అన్నం వండాను. ఇద్దరం ఒకేసారి కూర్చుని తిన్నాం.

క్షమించానా అంటే చెప్పలేను. కొన్ని రోజులు క్షమించినట్టే ఉంటుంది. కొన్ని రోజులు నా ఫోన్ మోగితే ఆయన ఎత్తి, ఎవరితోనో "పడుకుందండీ, తర్వాత చేయిస్తా" అని నా గురించి మామూలుగా అన్నా నాకు ఒళ్లు మండిపోతుంది. ఆయనకి అది తెలుసు. వెంటనే బయటికి వెళ్లిపోతాడు.

ఇప్పుడు శనివారాలు ఆడుతున్నాను. బాగా ఆడటం లేదు. వెనక నిలబడటం మానేసి ముందుకి వచ్చేశాను. అక్కడ పరుగు తక్కువ. నవ్వొచ్చినప్పుడు ఇంకా ఉలిక్కిపడతాను. పోయిన వారం ఒకరు రాలేదు, నలుగురమే ఉన్నాం. పీఈటీ అమ్మాయి నా మొహంలోకి చూసి, "సారుని పిలవనా మేడమ్?" అంది. నన్ను దింపడానికి వచ్చిన ఆయన గేటు దగ్గర స్కూటరు మీదే కూర్చుని ఉన్నాడు. నేను గేటు వైపు చూశాను. గాలికి మిరప ఘాటు వస్తోంది.

"ఇవాళ వద్దులే" అన్నాను. "నలుగురం ఆడదాం."